ఏది కాలింది, ఎలా కాలింది, పొగ వయసెంత

(కార్చిచ్చు పొగపై ఇచ్చిన ఉపన్యాసానికి అక్షరరూపం. చివర సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. పరిచయాలు అయిపోయాయి కాబట్టి నేరుగా పొగలోకి వెళ్దాం.

2023 జూన్ 7న న్యూయార్క్ నగరం నారింజ రంగులోకి తిరిగిపోయిన ఫొటోలు మీలో చాలామంది చూసే ఉంటారు. కాలింది న్యూయార్క్ కాదు. వందల కిలోమీటర్ల ఉత్తరాన, కెనడాలోని క్యూబెక్ అడవులు. ఆ రోజు నగరంలో గాలి నాణ్యత సూచీ 400 దాటింది. అమెరికా లెక్కల్లో 300 దాటితేనే 'ప్రమాదకరం' అంటారు. ఫోన్లలో, టీవీల్లో అందరూ ఆ ఒక్క అంకెనే చూస్తూ కూర్చున్నారు.

నా ఫిర్యాదు ఆ అంకె మీదే. అది తప్పని కాదు. పొగ రోజుల్లో ఆ సూచీని నడిపించేది పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్ల కంటే సన్నని కణాలు ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములున్నాయో చెప్పే లెక్క. అంతవరకే చెప్పి ఊరుకుంటుంది. ఏది కాలితే ఆ కణాలు వచ్చాయి? భగ్గున మండితే వచ్చాయా, కుములుతుంటే వచ్చాయా? పుట్టి ఎన్ని గంటలైంది? ఇవేవీ అందులో ఉండవు. ఈ రంగంలో పనిచేసేవాళ్లు ఇన్నేళ్లుగా విమానాలు, ఉపగ్రహాలు, కొలిమిలాంటి ల్యాబులు పెట్టుకుని తల బద్దలు కొట్టుకుంటున్నది ఈ ప్రశ్నల కోసమే.

ముందు ఒక పాత సూత్రం. 1980లో సైలర్, క్రుట్జెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు రాశారు. ఆ క్రుట్జెన్‌కే తర్వాత ఓజోన్ మీద చేసిన పనికి 1995లో నోబెల్ వచ్చింది. సూత్రం చిన్నపిల్లలు కూడా వేసే గుణకారం. ఎంత విస్తీర్ణం కాలింది, హెక్టారుకు ఎంత చెట్టూచేమా ఉంది, అందులో ఎంత భాగం నిజంగా కాలింది, కాలిన ప్రతి కిలోకు ఫలానా పదార్థం ఎన్ని గ్రాములు వచ్చింది. నాలుగూ గుణిస్తే మొత్తం ఉద్గారం వస్తుంది. ఇవాళ్టికీ ప్రపంచంలోని చాలా ఉద్గార లెక్కలకు ఆధారం ఇదే.

చిక్కు ఎక్కడంటే, ఇది గుణకారం. ఒక్కో అంకెలో కాస్త తప్పున్నా చివరికి ఆ తప్పులన్నీ ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. కాలిన విస్తీర్ణం ఉపగ్రహాలకు బాగానే కనిపిస్తుంది. 1999 చివర్లో ఎగిరిన టెర్రా ఉపగ్రహంలోని మోడిస్ పరికరం, ఆ తర్వాత వచ్చిన వీర్స్ మంటల వేడిని కూడా పట్టిస్తాయి. కానీ నేలమీద ఆకుల పరుపు ఎంత మందంగా ఉంది, దాని కింద ఎంత లోతుకు కాలింది అన్నది పైనుంచి కనిపించదు. పైగా దట్టమైన పొగే మంటను కప్పేస్తుంది. అందుకే ఒకే ఏడాది, ఒకే ఖండానికి వేర్వేరు సంస్థలు ఇచ్చే ఉద్గార అంచనాల మధ్య కొన్ని రెట్ల తేడా ఉంటుంది. ఎవరైనా పేపర్లో ఒకే అంకెను ఖరారుగా రాస్తే, పక్కన తేడా ఎంతో రాశారా లేదా చూడండి. రాయకపోతే నేనైతే నమ్మను.

నాలుగో అంకె, కిలోకు ఎన్ని గ్రాములు అన్నది, కొలవడానికి ఒక తెలివైన ఉపాయం ఉంది. అడవిని తూకం వేయక్కర్లేదు. ఎండిన మొక్క బరువులో దాదాపు సగం కార్బన్. కాలినప్పుడు ఆ కార్బన్ ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్‌గా, కొంత కార్బన్ మోనాక్సైడ్‌గా, ఇంకాస్త మీథేన్‌గా, మిగతా వాయువులుగా, కణాలుగా పోతుంది. కాబట్టి పొగలో కార్బన్ ఏయే రూపాల్లో ఎంతెంత ఉందో కొలిస్తే ఎంత ఇంధనం కాలిందో వెనక్కి లెక్క కట్టొచ్చు. మిగతా ప్రతి పదార్థాన్నీ దాంతో పోల్చి చూడటమే. విమానం పొగలోంచి ఒక్కసారి దూసుకుపోతే చాలు, కింద ఏం జరిగిందో సగం కథ తెలుస్తుంది.

ఆ కథలో ముఖ్యమైనది మంట ఎలా కాలిందన్నది. పొయ్యిలో ఎండుకట్టె పెడితే మంట పైకి లేస్తుంది, పొగ తక్కువ. పచ్చికట్టె పెడితే మంట ఉండదు, ఇల్లంతా పొగ, కళ్లల్లో నీళ్లు. అడవిలోనూ అంతే. భగ్గున మండేటప్పుడు కార్బన్ దాదాపు అంతా డయాక్సైడ్‌గా మారుతుంది, నల్లటి మసి వస్తుంది, నైట్రోజన్ ఆక్సైడ్‌లు ఎక్కువ. కుములుతున్నప్పుడు మోనాక్సైడ్, మీథేన్, అమ్మోనియా, వందలకొద్దీ సేంద్రియ వాయువులు, గోధుమ రంగు కణాలు. డయాక్సైడ్, మోనాక్సైడ్ రెండూ కలిపిన దాంట్లో డయాక్సైడ్ వాటా ఎంతో చూస్తే ఏ రకం మంటో చెప్పేయొచ్చు. 0.99 దగ్గరుంటే అంతా మంటే. 0.8 దగ్గరకు వచ్చిందంటే చాలావరకు కుములుతోందని.

కుమలడానికి పరాకాష్ఠ పీట్ నేలలు. వేల ఏళ్లుగా కుళ్లీ కుళ్లని మొక్కల పదార్థం మీటర్ల లోతున పేరుకున్న బురదనేలలు అవి. 1997లో ఎల్‌నినో వల్ల ఇండోనేషియాలో వానలు ముఖం చాటేశాయి. కాలువలు తవ్వి అప్పటికే ఎండబెట్టిన పీట్ నేలలు అంటుకుని నెలల తరబడి కుమిలాయి. ఆ ఒక్క ఏడాది అక్కడినుంచి 0.81 నుంచి 2.57 గిగాటన్నుల (గిగాటన్ను అంటే వంద కోట్ల టన్నులు) కార్బన్ గాల్లోకి వెళ్లిందని 2002లో నేచర్ పత్రికలో వచ్చిన అంచనా. అప్పట్లో ప్రపంచమంతా ఏటా బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలే కార్బన్‌లో 13 నుంచి 40 శాతానికి సమానం. ఆ రెండు అంకెల మధ్య దూరం చూశారా? మూడు రెట్లు. ఇందాక నేను గుణకారం గురించి గొణిగింది ఇందుకే. పీట్ ఎన్ని అంగుళాల లోతుకు కాలిందో ఎవరూ పైనుంచి చూడలేరు.

సరే, ఇప్పుడు ల్యాబుకు వెళ్దాం. అమెరికాలోని మోంటానా రాష్ట్రం మిసౌలాలో అటవీశాఖ వాళ్లకు ఒక ఫైర్ ల్యాబ్ ఉంది. 1960లో మొదలైంది. అందులో 12.5 మీటర్ల పొడవు, అంతే వెడల్పు, 22 మీటర్ల ఎత్తున్న గది ఒకటి. కింద పైన్ కొమ్మలో, పొదలో, ఎండుటాకులో పెట్టి అంటిస్తారు. పొగ గొట్టంలోంచి పైకి పోతుంటే పై అంతస్తులో పరికరాలు పెట్టుకుని శాస్త్రవేత్తలు కూర్చుంటారు. 2016లో అక్కడ పెద్ద ఎత్తున ప్రయోగాలు చేశారు. ల్యాబులో ఉన్న సుఖమేమిటంటే ఏం కాలిందో తెలుసు. లేనిదేమిటంటే నిజమైన అడవి, నిజమైన గాలి, నిజమైన ఎండ.

అందుకే విమానాలు. 2018లో వీ-క్యాన్ అనే ప్రాజెక్టులో సీ-130 విమానం, 2019లో ఫైరెక్స్-ఏక్యూలో నాసా వాళ్ల డీసీ-8. డీసీ-8 అంటే పాత ప్రయాణికుల జెట్. సీట్లు చాలావరకు పీకేసి పరికరాలు నింపారు. ఫైరెక్స్‌ను నాసా, అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా కలిసి నడిపాయి. ఐడహోలోని బోయిసీ నుంచి పశ్చిమ కార్చిచ్చుల మీదికి, తర్వాత కాన్సస్‌లోని సలీనా నుంచి ఆగ్నేయ రాష్ట్రాల్లో రైతులు తగలబెట్టే పొలాల మీదికి వెళ్లాయి.

విమానం ఏం చేస్తుందంటే, మంటకు దగ్గర్లో పొగతెరను అడ్డంగా ఒకసారి కోస్తుంది. తర్వాత గాలివాటున కొంత దూరం జరిగి మళ్లీ అడ్డంగా కోస్తుంది. అలా వందల కిలోమీటర్లు. గాలి వేగం తెలుసు కాబట్టి మొదటి కోతలో ఉన్నది అరగంట వయసు పొగ, చివరి కోతలో ఉన్నది ఎన్నో గంటల వయసు పొగ. ఒకే పొగ ఎలా ముసలిదవుతోందో వరసగా చూడొచ్చు. లోపల కూర్చున్నవాళ్లకు మాత్రం నరకమే. వేడిగాలుల కుదుపులకు కడుపులో తిప్పుతుంటుంది, క్యాబిన్ నిండా పొగవాసన.

ఇక్కడే ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కుముడి ఉంది. ల్యాబులో పొగను గదిలో బంధించి వెలుతురు పెడితే గంటల్లో కణాల బరువు పెరుగుతుంది. వాయువులు ఆక్సీకరణం చెంది, బరువెక్కి, కణాల మీద పేరుకుంటాయి. కాబట్టి ఆకాశంలోనూ పొగ దూరం పోతున్నకొద్దీ కణాలు పెరగాలి కదా? విమానాలు ఎన్నిసార్లు కొలిచినా, గాలిలో కలిసి పలచబడటాన్ని లెక్కలోంచి తీసేశాక, బరువు దాదాపు మారడం లేదు. పెరగడమూ లేదు, తరగడమూ లేదు. కెమిస్ట్రీ ఏమీ జరగడం లేదా?

జరుగుతోంది, జోరుగా. కాకపోతే రెండు పనులు ఒకేసారి. తాజా పొగ చిక్కగా ఉంటుంది. ఆ చిక్కదనం వల్లే కొన్ని సేంద్రియ పదార్థాలు కణాలకు అంటిపెట్టుకుని ఉంటాయి. పొగ పలచబడగానే అవి ఆవిరై గాల్లోకి పోతాయి, బరువు తగ్గుతుంది. అదే సమయంలో ఆ ఆవిరులే ఆక్సీకరణం చెంది కొత్త కణపదార్థంగా తిరిగి వచ్చి చేరతాయి, బరువు పెరుగుతుంది. పోయేదీ వచ్చేదీ దాదాపు సమానం. వీ-క్యాన్ కొలతలతో 2020లో ఈ లెక్క తేల్చారు. అంటే మన అంకె, ఆ పీఎం 2.5, మారకుండా ఉన్నట్టే కనిపిస్తుంది గానీ లోపలున్న సరుకు మారిపోయింది. మంట పక్కనున్న ఊళ్లో 100 మైక్రోగ్రాములూ, రెండు రోజుల దూరంలో ఉన్న నగరంలో 100 మైక్రోగ్రాములూ ఒకటి కావు. ముసలి పొగ కణాల్లో ఆక్సీకరణ గుణం పెరుగుతుందని ల్యాబ్ పరీక్షలు చూపిస్తున్నాయి. ఊపిరితిత్తుల్లో మంట పుట్టించే దారుల్లో అదొకటి.

వాయువుల సంగతి కొంచెమే చెప్తాను. తాజా పొగలో నైట్రస్ ఆమ్లం చాలా ఉంటుంది. ఎండ తగలగానే అది విరిగి హైడ్రాక్సిల్ అనే చురుకైన రాడికల్‌ను వదులుతుంది. మొదటి గంటల్లో పొగ కెమిస్ట్రీని నడిపే ఇంజిన్ ప్రధానంగా అదే. ఇంకో వింత, పొగ మరీ దట్టంగా ఉంటే మధ్యలోకి ఎండ దిగదు. అక్కడ పట్టపగలే రాత్రి కెమిస్ట్రీ నడుస్తుంది. ఇక నైట్రోజన్ ఆక్సైడ్‌లు పాన్ అనే పదార్థంగా మారి దాక్కుంటాయి. పైన చలిలో పాన్ చెక్కుచెదరదు. పొగ వెచ్చని నేలమట్టానికి దిగగానే విడిపోయి నైట్రోజన్ ఆక్సైడ్‌లను మళ్లీ వదులుతుంది, అవి ఓజోన్ చేస్తాయి. అడవి పొగలో సేంద్రియ వాయువులు దండిగా ఉంటాయి, నైట్రోజన్ ఆక్సైడ్‌లు త్వరగా అయిపోతాయి. నగరంలో వాహనాల వల్ల నైట్రోజన్ ఆక్సైడ్‌లకు కరువుండదు. రెండూ కలిస్తే ఓజోన్ ఎగబాకుతుంది. అందుకే పొగ వచ్చిన రోజు నగరంలో కణాలే కాదు, ఓజోన్ మీటరూ చూడాలి.

రంగు గురించి అడుగుతారని తెలుసు. నారింజ ఆకాశానికి కారణం, కణాలు నీలి కాంతిని చెదరగొట్టడం ఒకటి, గోధుమ రంగు కార్బన్ దాన్ని మింగేయడం ఇంకొకటి. ఈ గోధుమ కార్బన్ ఎండకు వెలిసిపోతుంది, ఒక పగలు గడిచేసరికి చాలావరకు. అరుదుగా కణాలన్నీ ఒకే సైజులో, కాంతి తరంగం కంటే కాస్త పెద్దవిగా ఉంటే కథ తిరగబడుతుంది. 1950 సెప్టెంబరులో కెనడాలో చించాగా కార్చిచ్చు పొగ అట్లాంటిక్ దాటి యూరప్ చేరినప్పుడు ఎడిన్‌బరోలో సూర్యుడు నీలంగా కనిపించాడు. పొగ కాబట్టి ఎర్రగానే ఉండాలని రూలేం లేదు.

పొగ ఎంత ఎత్తుకు పోతుందన్నది ఇంకో పెద్ద కథ. 2019 చివరిరోజుల్లో, 2020 మొదట్లో ఆస్ట్రేలియా ఆగ్నేయంలో మంటల వేడికి ఉరుముల మేఘాలే పుట్టాయి. అవి పొగను స్ట్రాటోస్ఫియర్‌లోకి, అంటే మామూలు మేఘాలకు పైనుండే గాలిపొరలోకి నెట్టేశాయి. అక్కడికి చేరిన పొగలోని నల్ల కార్బన్, అంటే మసి, ఎండను పీల్చుకుని వేడెక్కి, చుట్టూ ఉన్న గాలితో సహా ఇంకా పైకి లేచింది. సుమారు 1000 కిలోమీటర్ల వెడల్పున్న ఒక సుడి అలా తిరుగుతూ తిరుగుతూ 35 కిలోమీటర్ల ఎత్తుకు చేరింది. తర్వాత ఎమ్‌ఐటీలో సుసాన్ సోలమన్ బృందం ఆ పొగ కణాల మీద జరిగిన క్లోరిన్ చర్యల వల్ల దక్షిణార్ధగోళం మధ్య అక్షాంశాల్లో ఓజోన్ 3 నుంచి 5 శాతం తగ్గిందని లెక్కగట్టింది. కింద ఊళ్లలో ఓజోన్ పెంచే పొగే పైన ఓజోన్‌ను తినేస్తుంది. కింద ఓజోన్ ఊపిరికి చెడ్డది, పైన ఓజోన్ ఎండలోని హానికర కిరణాలను ఆపేది. అంటే రెండు చోట్లా మనకు నష్టమే.

ఇప్పటిదాకా చెట్ల పొగ. ఊళ్లు కాలితే? 2018 నవంబరులో కాలిఫోర్నియాలో క్యాంప్ ఫైర్ ప్యారడైజ్ అనే ఊరిని మింగేసింది. 85 మంది చనిపోయారు, 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. పాత పెయింట్లు, వైర్లు, కార్లు, ప్లాస్టిక్ అన్నీ అందులోనే. ఆ పొగలో సీసం బాగా పెరిగినట్టు కాలిఫోర్నియా గాలి వనరుల బోర్డు 2021లో బయటపెట్టింది. దాదాపు 240 కిలోమీటర్ల దూరంలోనూ అది దొరికింది. ఇళ్లు లేకపోయినా లోహాల బెడద ఉండొచ్చు. క్రోమియం ఎక్కువున్న మట్టి మీద మంట తీవ్రంగా కాలితే, నేలలో ఉన్న మామూలు క్రోమియం క్యాన్సర్ కలిగించే క్రోమియం 6గా మారుతుందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో చూపించారు.

ఆరోగ్యం. 2021లో దక్షిణ కాలిఫోర్నియా ఆసుపత్రుల రికార్డులతో ఒక అధ్యయనం వచ్చింది. పీఎం 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగితే, అది కార్చిచ్చు పొగ వల్ల అయితే ఊపిరి సమస్యలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు 1.3 నుంచి 10 శాతం పెరిగారు. వేరే చోట్లనుంచి వచ్చిన కణాలైతే 0.67 నుంచి 1.3 శాతమే. 'పొగ పది రెట్లు ప్రమాదం' అని పత్రికలు హెడ్డింగులు పెట్టింది దీన్ని చూసే. పది రెట్లు అన్నది పై అంచు, అందరికీ వర్తించే నియమం కాదు.

ప్రపంచవ్యాప్త మరణాల సంగతి మరీ ఎగుడుదిగుడు. 2012లో ఒక అంచనా ఏటా 3,39,000 అంది. 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఇంకో అంచనా, 2000 నుంచి 2019 దాకా చూస్తే, ఏటా 15.3 లక్షలు అంది. ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అని కాదు. రెండూ నమూనాలతో కట్టిన అంచనాలు. ఎంత పొగ పీలిస్తే ఎంత ముప్పు అనే గీతను ఎలా గీస్తామన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఏ గీత అయినా ఒక మైక్రోగ్రాము ఎక్కడైనా ఒక మైక్రోగ్రామే అనుకుని గీస్తే అది అసంపూర్తి అని నా అభిప్రాయం.

ఇక ప్రశ్నలు.

*ప్రశ్న: ఇంట్లో పెట్టుకునే చిన్న సెన్సర్లను నమ్మొచ్చా?*

నమ్మొచ్చు, సరిచేసుకుని. అవి కణాలను తూచవు. లేజర్ కాంతి ఎంత చెదిరిందో చూసి బరువు ఊహిస్తాయి. పొగ కణాలు ఎక్కువగా మైక్రాన్‌లో పదో వంతు నుంచి మూడు నాలుగు పదో వంతుల సైజువి, అవి కాంతిని బాగా చెదరగొడతాయి. అందుకని సెన్సర్ ఎక్కువ చూపిస్తుంది. పర్పుల్ ఎయిర్ అనే కంపెనీ సెన్సర్ల అంకెను అమెరికా పర్యావరణ సంస్థ దాదాపు సగం చేసి, తేమను బట్టి సవరించే సూత్రం ఇచ్చింది. వాళ్ల పొగ మ్యాపులో కనిపించేది ఆ సవరించిన విలువే. పక్కింటి సెన్సర్ కంటే మీది ఎక్కువ చూపిస్తోందని టెన్షన్ పడకండి. నిన్నటికంటే ఇవాళ పెరిగిందా లేదా అన్నది మాత్రం అది బాగానే చెప్తుంది.

*ప్రశ్న: మాస్కు పెట్టుకుంటే సరిపోతుందా? పొగ పోయాక ఇల్లు శుభ్రమైనట్టేనా?*

ఎన్95 ముఖానికి బిగుతుగా అతుక్కుంటే కణాలను ఆపుతుంది. వాయువులను ఆపదు. గుడ్డమాస్కు ఈ పనికి దాదాపు దండగ. ఇంట్లో అయితే తలుపులు మూసి మంచి ఫిల్టరు పెట్టడమే. రెడీమేడ్ మెషీన్ లేకపోతే బాక్స్ ఫ్యాన్‌కు నాలుగు మెర్వ్-13 ఫిల్టర్లు (సన్నని కణాలను కూడా పట్టే రకం) టేపుతో అంటించే కోర్సీ-రోసెంతాల్ పెట్టె ఉంది, బాగా పనిచేస్తుంది.

రెండో ప్రశ్న మంచిది. ఒక పరీక్షా గృహంలోకి కావాలనే పొగ వదిలి చూసిన ప్రయోగం 2023లో ప్రచురితమైంది. పొగలోని ఆవిరులు గోడలకు, నేలకు, సామానుకు పట్టుకుని, పొగ పోయాక రోజుల తరబడి మెల్లగా తిరిగి గాల్లోకి వస్తుంటాయి. ఎయిర్ క్లీనర్ నడుస్తున్నంతసేపు వాయువులు కొంత తగ్గుతాయి, ఆపితే మళ్లీ మామూలే. తుడవడం, కడగడం, వాక్యూమ్ చేయడం వాటిని నిజంగా తగ్గించాయి. కాబట్టి బయట గాలి బాగుపడగానే కిటికీలు తెరిచి, తడిగుడ్డతో అన్నీ తుడవండి.

*ప్రశ్న: ప్రపంచంలో కార్చిచ్చులు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? రెండూ విన్నాం.*

రెండూ నిజమే. కాలే మొత్తం విస్తీర్ణం 1998 నుంచి 2015 మధ్య దాదాపు నాలుగో వంతు తగ్గింది. గడ్డిభూములు పొలాలుగా మారడమే ముఖ్య కారణం. గడ్డి కాలితే మళ్లీ ఏడాదికి మొలుస్తుంది. అడవుల లెక్క వేరు. అడవి మంటల కార్బన్ డయాక్సైడ్ 2001 తర్వాత 60 శాతం పెరిగిందని 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది, ముఖ్యంగా ఉష్ణమండలానికి బయట. 2023లో కెనడాలో దాదాపు 1.5 కోట్ల హెక్టార్లు కాలాయి. మే నుంచి సెప్టెంబరు దాకా 64.7 కోట్ల టన్నుల కార్బన్. ఏడాది మొత్తం ఇంధనాల ఉద్గారాల్లో దాన్ని మించిన దేశాలు చైనా, అమెరికా, ఇండియా మూడే. విస్తీర్ణం తగ్గిందని చూపించి పొగ తగ్గిందనే వాళ్లను 'ఏది తగ్గింది, గడ్డా అడవా?' అని అడగండి.

*ప్రశ్న: అడవిని మనమే ముందుగా కొద్దికొద్దిగా కాల్చేస్తే పెద్ద మంటలు రావు కదా. దాని పొగ మాటేమిటి?*

అదీ పొగే, మాయ ఏం లేదు. తేడా ఏమిటంటే రోజును మనం ఎంచుకుంటాం. గాలి జనావాసాల వైపు లేనప్పుడు, పొగ పైకి లేచి చెదిరిపోయే వాతావరణం ఉన్నప్పుడు కాల్చొచ్చు. హెక్టారుకు కాలే ఇంధనం కూడా తక్కువ, పెద్ద దుంగలు, లోతైన ఆకుల పరుపు చాలావరకు మిగిలిపోతాయి. అయితే కాల్చిన ప్రతిచోటికీ కార్చిచ్చు వచ్చి తీరేది కాదు, కాబట్టి వదిలిన పొగలో కొంత అనవసరమే అవుతుంది. ఆ లెక్క ఒక్కో అడవికి ఒక్కోలా తేలుతుంది. చిన్న మంటల్లో చాలా వాటిని ఉపగ్రహాలు అసలు చూడనే చూడవు. ఆకుల పరుపు కాస్త తడిగా ఉన్న రోజు కాలిస్తే రాత్రంతా కుములుతుంది. రాత్రి గాలి నిలిచిపోయి ఆ పొగ లోయలోకి దిగి కూర్చుంటుంది. పక్క ఊళ్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఎవరెవరో తెలుసుకుని, ముందురోజే వాళ్లకు ఫిల్టర్లు అందించి ఆ తర్వాతే అగ్గిపుల్ల గీయాలని నా అభిప్రాయం.